ఒడ్డున ఆగిన పడవ: ఎమిరేట్స్ తీరపు ఛాయాచిత్రాల్లో నిశ్శబ్దం

దుబాయ్ నగరాన్ని దేరా, బర్ దుబాయ్ అనే రెండు భాగాలుగా విడదీస్తూ సముద్రం నుంచి లోపలికి చొచ్చుకువచ్చిన ఉప్పునీటి పాయను అరబ్బులు ఖోర్ అంటారు. ఇంగ్లీషులో అది క్రీక్. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే పాయకు తెలుగువారు పెట్టుకున్న ఉప్పుటేరు అన్న పేరు దీనికి కూడా చక్కగా అమరుతుంది. సెలవు రోజుల్లో తెల్లవారుజామున ఈ ఉప్పుటేటి ఒడ్డుకు కెమెరాలతో వచ్చేవారు ఎందరో ఉంటారు. కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో వారమంతా పనిచేసే ప్రవాసులు వాళ్ళలో చాలామంది. వాళ్ళకు కావలసిన చిత్రం దాదాపు ఒకటే: అద్దంలాంటి నీరు, రేవుకు కట్టేసిన చిన్న కొయ్య పడవ, అందులో ఒంటరిగా కూర్చున్న పడవవాడు. ఆ చిత్రానికి ప్రశాంతత అనో, నిశ్శబ్దం అనో పేరు పెడతారు.

ఈ తీరంలో చిన్న పడవల వైపు కెమెరాలు తిరిగి నూరేళ్ళు దాటింది. ఆ పాత చిత్రాలను వరుసగా పెట్టి చూస్తే వాటిలో కనిపించే నిశ్చలత్వం అంతా ఒక్కటి కాదని తెలుస్తుంది. నిద్రపోతున్న మనిషీ, స్పృహ తప్పిన మనిషీ ఛాయాచిత్రంలో ఒక్కలాగే కనిపిస్తారు. నాడి పట్టుకుని చూస్తే తప్ప తేడా తెలియదు. ఒడ్డున ఆగిన పడవ సంగతీ అంతే. అది విశ్రాంతి తీసుకుంటోందా, పని పోగొట్టుకుందా, లేక చూసేవారి కోసం అలా నిలబడిందా అన్నది ఆ పడవ ఏం పని చేసేదో తెలిస్తే గాని చెప్పలేం. ఈ వ్యాసం ఆ నాడిని వెతికే ప్రయత్నం.

పేర్లలో ఉన్న పడవలు

ఈ పడవలన్నిటినీ కలిపి బయటివారు ధౌ అన్నారు. అరబ్బు నావికులు ఆ మాట వాడేవారు కాదు. వాళ్ళు ప్రతి పడవనూ దాని చట్రం ఆకారాన్ని బట్టి పిలిచేవారు. ముందూ వెనకా రెండు కొసలూ కోసుగా ఉంటే అది బూమ్. ముందు కొమ్ము నిట్టనిలువుగా లేచి, వెనక బల్లపరుపుగా ఉంటే జల్బూత్. ముందు భాగం వంపు తిరిగిన కత్తిలా నీటి మీదికి వాలి ఉంటే సంబూక్. ఇవి కాక బత్తీల్, బఖారా, షూయీ ఉండేవి. ఖోర్‌ను దాటించే చిన్న పడవ అబ్రా. దాటడం అన్న అర్థమున్న అరబీ ధాతువు నుంచే ఆ పేరు వచ్చింది. ఈ తేడాలు తెలిసిన కంటికి పాత ఛాయాచిత్రం ఒక దస్తావేజు అవుతుంది. తెలియని కంటికి అన్నీ అందమైన కొయ్య పడవలే.

ఈ పడవల్లో తెలుగువారికి పరాయిగా తోచని విషయాలు చాలా ఉన్నాయి. లంగరు, సరంగు, బందరు వంటి మాటలు పారశీకం నుంచి సముద్రం మీదుగా మన రేవులకు వచ్చినవే. కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం నుంచి ఓడలు నేటి ఎమిరేట్స్‌కు ఎదురు తీరాన ఉన్న బందర్ అబ్బాస్‌కు వెళ్ళేవి. ఎడారి తీరంలో పెద్ద చెట్లు లేవు కనుక గల్ఫ్ పడవల టేకు మలబారు నుంచి వచ్చేది. తాళ్ళకు కొబ్బరి పీచూ అక్కడిదే. వడ్రంగి కాగితం మీద గీత గీయకుండా ముందు పలకల్ని ఒకదాని అంచుకు ఒకటి చేర్చి గుల్లను నిలబెట్టి, ఆ తరవాత లోపలి పక్కటెముకలు బిగించేవాడు. నీటి పైభాగానికి సొరచేప నూనె పూసేవారు. నీటి కింద ఉండే భాగానికి కొవ్వు, సున్నం కలిపి పట్టించేవారు. ఈ సంరక్షణ ఏటేటా జరగాలి. ఒక్క ఎండాకాలం నిర్లక్ష్యం చేస్తే పలకలు ఎండి, ముడుచుకుని, సందులు తెరుచుకుంటాయి. పాత చిత్రంలో ఒడ్డున ఉన్న పడవను చదవడానికి ఈ చిన్న విషయం బాగా పనికివస్తుంది.

1904: పాట వినిపించని చిత్రం

అబుదాబికి సంబంధించి మనకు మిగిలిన తొలి ఛాయాచిత్రాల్లో కొన్నిటిని 1904లో జర్మన్ యాత్రికుడు హెర్మన్ బుర్ఖార్ట్ తీశాడు. 1855 నుంచి 1909 వరకు అబుదాబిని పాలించిన షేక్ జాయెద్ బిన్ ఖలీఫా తన మనుషుల మధ్య కొలువుతీరి ఉన్న చిత్రం వాటిలో ప్రసిద్ధమైనది. బుర్ఖార్ట్ 1909లో యెమెన్‌లో హత్యకు గురయ్యాడు. అతడి చిత్రాలు బెర్లిన్‌లోని మానవజాతి శాస్త్ర మ్యూజియానికి చేరాయి.

ఆ రోజుల్లో ఈ తీరం పేదదే కాని నిద్రాణమైనది కాదు. బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం కోసం లోరిమర్ కూర్చిన గల్ఫ్ గెజిటీర్ ప్రకారం ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ఈ ఒడంబడిక తీరం నుంచే సుమారు 1200 పడవలు, 22 వేలకు పైగా మనుషులు ముత్యాల వేటకు వెళ్ళేవారు. వేట ముఖ్యంగా జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, ఏడాదిలో అతి వేడి నెలల్లో సాగేది. చలికాలంలో పడవల్ని ఒడ్డుకు లాగి, నూనె పట్టించి, మరమ్మతులు చేసేవారు. కాబట్టి ఆ కాలంలో శీతాకాలపు తీరంలో కనబడే నిశ్చలమైన పడవ విశ్రాంతిలో ఉన్న పడవ. నాలుగు నెలలు గడిస్తే అది మళ్ళీ కదులుతుంది.

అయితే కెమెరాకు చెవులు లేవు. ముత్యాల పడవ ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉండేది కాదు. చాలా పెద్ద పడవల్లో నహ్హామ్ అనే గాయకుడు ప్రత్యేకంగా ఉండేవాడు. తెరచాప ఎత్తడానికి ఒక పాట, లంగరు లాగడానికి ఒక పాట, తెడ్లు వేయడానికి మరొక పాట. నావికులు అడుగులతోను, చప్పట్లతోను, లోతైన గొంతుతోను జవాబిచ్చేవారు. మన గోదావరి పడవవాళ్ళ హైలెస్సా లాగా ఆ పాట అలంకారం కాదు. ఇరవైమంది చేతుల బలాన్ని ఒకే క్షణానికి చేర్చే పనిముట్టు. ఛాయాచిత్రం ఆ పాటను తీసివేసి మనకు నీటిని, కొయ్యను, వెలుగును మాత్రమే ఇస్తుంది. పాత పడవ చిత్రాల్లో మనం మెచ్చుకునే నిశ్శబ్దంలో కొంత భాగం సముద్రానిది కాదు, యంత్రానిది.

ముత్యం వెనకనున్న చెవి

పడవలో పని విభజన స్పష్టంగా ఉండేది. నఖుదా యజమాని లేక నాయకుడు. నీళ్ళలోకి దిగేవాడు గైస్. పైన తాడు పట్టుకుని అతణ్ణి లాగేవాడు సైబ్. గైస్ ముక్కుకు ఫితామ్ అనే చిన్న బిగింపు పెట్టుకుని, కాలికి రాయి తగిలించిన తాడుతో కిందికి జారేవాడు. ఊపిరి బిగబట్టి, సుమారు ఒక నిమిషంలో అందినన్ని చిప్పల్ని మెడకు వేలాడే వల సంచిలో వేసుకుని తాడును గుంజేవాడు. రోజుకు పదులసార్లు ఇదే పని.

పది మీటర్ల లోతులో శరీరం మీది ఒత్తిడి ఉపరితలం మీదికంటే రెట్టింపు. ఇరవై మీటర్ల దగ్గర మూడు రెట్లు. ఆ మార్పుకు తట్టుకోలేక ముందుగా దెబ్బతినేది చెవి. కర్ణభేరి చిరగడం ఈ వృత్తిలో మామూలు సంగతి. చిరిగిన చెవిలోకి ఉప్పునీరు చేరితే చీము, ఆపై వినికిడి లోపం. నెలల తరబడి ఖర్జూరం, అన్నం, చేప తప్ప పచ్చి కూర గాని, పండు గాని లేని భోజనం వల్ల చిగుళ్ళ నుంచి రక్తం కారే స్కర్వీ వచ్చేది. ఉప్పుకూ ఎండకూ కళ్ళు ఎర్రబడి పుండ్లు పడేవి. తాగే నీరు కొలతతో ఇచ్చేవారు.

శరీరం ఇంత చెల్లించినా అప్పు తీరేది కాదు. వేటకు ముందు కుటుంబం బతకడానికి నఖుదా బయానా ఇచ్చేవాడు. వేట ముగిశాక లెక్క చూస్తే గైస్ వాటా ఆ బయానాకే సరిపోయేది కాదు. మిగిలిన అప్పు మరుసటి ఏటికి, ఒక్కోసారి తండ్రి నుంచి కొడుక్కి వెళ్ళేది. అరేబియన్ మిషన్ వైద్యుడు పాల్ హారిసన్ 1924లో వెలువడిన తన పుస్తకంలో గల్ఫ్ ముత్యగాళ్ళ ఈ రుణబంధాన్ని వివరంగా రాశాడు. నఖుదా కూడా స్వతంత్రుడేమీ కాదు; అతడికి పైన వ్యాపారి, ఆ వ్యాపారికి పైన బొంబాయి మార్కెట్టు. దుబాయ్‌లో స్థిరపడిన సింధీ, గుజరాతీ వర్తకులు ఈ పెట్టుబడి గొలుసులో ముఖ్యమైన కొక్కేలు. ఈదేవారిలో స్వేచ్ఛాజీవులతో పాటు ఆఫ్రికా నుంచి, బలూచిస్తాన్ నుంచి తెచ్చిన బానిసలు కూడా ఉండేవారు.

ఆ గొలుసు చివరి కొస మన ఇళ్ళకు దూరం కాదు. గల్ఫ్ ముత్యాలు బొంబాయి మీదుగా హైదరాబాదు చేరి బస్రా ముత్యాలు అన్న పేరుతో అమ్ముడయ్యేవి. బస్రా ఒక రేవు మాత్రమే. ముత్యాలు నిజానికి బహ్రెయిన్, కతార్, అబుదాబి ఎదుటి సముద్రపు అడుగు నుంచి వచ్చినవి. భారత ప్రభుత్వం 1995లో కొన్న నిజాం నగల్లోని ఏడు పేటల సత్‌లడా హారం బస్రా ముత్యాలదే. చార్మినారు పక్కన ముత్యాల దండ బేరమాడిన తెలుగు కుటుంబాలకు ఆ దండకూ, ఒక గైస్ చిరిగిన చెవికీ ఉన్న సంబంధాన్ని ఎవరూ చెప్పి ఉండరు.

పని పోయిన పడవలు

జపాన్‌లో మికిమోతో 1893లో తొలిసారి చిప్పలో అర్ధముత్యాన్ని పండించాడు. 1920ల నాటికి గుండ్రని సాగు ముత్యాలు యూరప్ మార్కెట్లోకి వచ్చాయి. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం విలాస వస్తువుల గిరాకీని కూల్చేసింది. ఈ రెండూ కలిసి కొద్ది సంవత్సరాల్లోనే గల్ఫ్ తీరపు ఏకైక పెద్ద ఆదాయాన్ని తుడిచిపెట్టాయి. ఇక్కడ చమురు అప్పటికింకా దొరకలేదు. దుబాయ్ 1937లో, అబుదాబి 1939లో చమురు అన్వేషణ ఒప్పందాల మీద సంతకాలు చేశాయి గాని, అబుదాబి నుంచి తొలి చమురు ఎగుమతికి 1962 వరకు, దుబాయ్ నుంచి 1969 వరకు ఆగవలసివచ్చింది. 1930 నుంచి 1960 దాకా గడిచిన ఆ మూడు దశాబ్దాలు ఈ తీరంలో ఆకలి కాలం. యుద్ధ సంవత్సరాల్లో దిగుమతి ధాన్యం కూడా తగ్గి పరిస్థితి మరింత విషమించింది.

సరిగ్గా ఆ కాలంలోనే ఈ తీరానికి మంచి కెమెరాలు వచ్చాయి. నేడు పుస్తకాల అట్టల మీద, హోటల్ గోడల మీద కనిపించే అందమైన పాత గల్ఫ్ చిత్రాల్లో ఎక్కువ భాగం ఆకలి కాలానికి చెందినవి. వాటిలో ఒడ్డున వాలి ఉన్న సంబూక్‌కు తెరచాప కొయ్య ఉందా, పలకల మధ్య సందులు తెరుచుకున్నాయా, నూనె మెరుపు ఉందా అని చూడాలి. 1904లో నిలిచిన పడవ నిద్రపోతోంది. 1940ల్లో నిలిచిన పడవల్లో కొన్నయినా మళ్ళీ లేవలేదు.

ముగ్గురు బయటివారు

ఈ కాలాన్ని బొమ్మల్లో నిలిపినవారిలో ముగ్గురు ముఖ్యులు.

మొదటివాడు ఆస్ట్రేలియా నావికుడు ఆలన్ విలియర్స్. అతడు 1938లో ఏడెన్‌లో కువైట్ బూమ్ బయాన్ ఎక్కాడు. నఖుదా అలీ బిన్ నాసర్ అల్ నజ్దీతో కలిసి జాంజిబార్, రుఫీజీ నదీముఖం దాకా వెళ్ళి, 1939లో గల్ఫ్‌కు తిరిగివచ్చాడు. ఆ వేసవిలో ముత్యాల పడవల మీద కూడా కొంతకాలం గడిపాడు. 1940లో వచ్చిన అతడి ‘సన్స్ ఆఫ్ సింద్‌బాద్’లో నావికులకు పేర్లున్నాయి, అప్పులున్నాయి, జబ్బులున్నాయి, హాస్యముంది. అతడి ఛాయాచిత్రాలు ఇప్పుడు గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉన్నాయి. అవి ప్రధానంగా ఎమిరేట్స్ తీరానివి కాకపోయినా, ఈ సముద్రపు జీవితాన్ని పడవ లోపలి నుంచి చూపించినవి.

రెండవవాడు విల్‌ఫ్రెడ్ థెసిజర్. రుబ్ అల్ ఖాలీ ఎడారిని ఒంటెల మీద దాటి 1948లో అబుదాబి చేరాడు. అక్కడి నుంచి దుబాయ్ వెళ్ళాడు. మోటార్లన్నా యంత్రాలన్నా తనకున్న అయిష్టాన్ని ఏనాడూ దాచుకోలేదు. అతడి లైకా కెమెరా తెడ్లతో నడిచే అబ్రాలను, ఖోర్ నీటి మీద వాటి నీడలను, వెనుక గాలిగోపురాల ఇళ్ళను పట్టుకుంది. అతడి సుమారు 38 వేల నెగటివ్‌లు ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. 1977లో మళ్ళీ వచ్చినప్పుడు ఎత్తైన భవనాల అబుదాబిని చూసి అతడు తీవ్రంగా నిరాశపడ్డాడు. ఆ నిరాశను అర్థం చేసుకోవచ్చు. కాని బిడ్డకు వైద్యుడు దొరకని పట్నాన్ని, వానాకాలం లేని తీరంలో కడవ నీటిని కొనుక్కునే ఇంటిని దూరం నుంచి ప్రేమించడం బయటివాడికే సాధ్యం.

మూడవవాడు రోనాల్డ్ కొడ్రాయ్. 1940ల చివర్లో చమురు అన్వేషణ సంస్థ ఉద్యోగిగా వచ్చి 1950ల మధ్య దాకా ఈ తీరంలో తిరిగాడు. పడవలు కట్టే వడ్రంగులు, వలలు బాగుచేసే జాలరులు, రేవులో బస్తాలు దించే కూలీలు అతడి చిత్రాల్లో పనిచేస్తూ కనిపిస్తారు. 1990 తరవాత అచ్చయిన అతడి ఆల్బములు నేటి ఎమిరాతీ కుటుంబాలకు తాతల కాలాన్ని చూపించే అద్దాలయ్యాయి. ఆ జీవితాన్ని అంత ఆప్యాయంగా నమోదు చేసిన మనిషి, దాన్ని ముగించబోయే చమురును వెతకడానికే జీతం తీసుకున్నాడన్నది చరిత్రలోని వైచిత్రి.

ఈ ముగ్గురి చిత్రాలను పక్కపక్కన పెడితే ఒక సంగతి బోధపడుతుంది. థెసిజర్ పుస్తకాల్లో ఎడారి సహచరులైన బిన్ కబీనా, బిన్ గబైషాలు పేర్లతో, స్వభావాలతో సజీవంగా ఉంటారు. వారితో అతడు నెలల తరబడి ఆకలిని, దాహాన్ని పంచుకున్నాడు. విలియర్స్ పుస్తకంలో నావికులకు పేర్లున్నాయి. వారితో అతడు రుతువులు గడిపాడు. కాని దుబాయ్ అబ్రా చిత్రాల్లో తెడ్డు వేసేవాడు సాధారణంగా ‘అబ్రా నడిపేవాడు’ మాత్రమే. ఖోర్ దాటడానికి పట్టేది కొద్ది నిమిషాలు. ఆ నిమిషాల్లో ఒక మంచి బొమ్మ దొరుకుతుంది, పేరు దొరకదు.

తలుపుగా మారిన పడవ

1950ల దాకా ఖోర్ ముఖద్వారం ఇసుకతో పూడిపోతూ ఉండేది. పెద్ద ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేసేవి. బొంబాయి, కరాచీల నుంచి వచ్చినవారు ఊగుతున్న ఓడ నిచ్చెన దిగి, చిన్న పడవలోకి దూకి, దుబాయ్ ఒడ్డు చేరేవారు. కాబట్టి చిన్న పడవే ఈ దేశపు తలుపు. ఆ తలుపు ఎంత ప్రమాదకరమో 1961 ఏప్రిల్‌లో తెలిసింది. బొంబాయి, గల్ఫ్ రేవుల మధ్య తిరిగే దారా అనే ఓడలో దుబాయ్ దగ్గర విస్ఫోటం జరిగి, మంటలు చెలరేగి, 238 మంది చనిపోయారు.

అంతకు కొద్దికాలం ముందే 1958లో పాలనకు వచ్చిన షేక్ రాషిద్ బిన్ సయీద్ అల్ మక్తూమ్, కువైట్ నుంచి కూడా అప్పు తెచ్చి ఖోర్‌ను తవ్వించారు. 1963లో మక్తూమ్ వంతెన వచ్చింది. 1972లో పోర్ట్ రాషిద్ తెరుచుకుంది. 1975లో షిందఘా సొరంగం ఖోర్ కిందుగా రెండు ఒడ్డుల్నీ కలిపింది. ఒక్కొక్క నిర్మాణంతో చిన్న పడవ పని కొంత కొంత తగ్గింది. తెడ్ల స్థానంలో డీజిల్ ఇంజన్లు వచ్చాయి. రూపాయిల స్థానంలో 1966 తరవాత వేరే నాణేలు వచ్చాయి. అంతవరకు ఇక్కడ బేరసారాలన్నీ రూపాయి అణాల్లోనే.

ఈ మార్పు కాలాన్ని చిత్రించినవారు ఉపఖండం నుంచి సముద్రం దాటి వచ్చినవారు. గ్వాదర్‌లో పుట్టిన నూర్ అలీ రాషిద్ 1958లో దుబాయ్ వచ్చి, పాలక కుటుంబాల ఛాయాగ్రాహకుడిగా 2010లో మరణించేవరకు పనిచేశారు. బొంబాయికి చెందిన రమేశ్ శుక్లా 1965లో వచ్చారు. 1971 డిసెంబర్ 2న యూనియన్ హౌస్ దగ్గర జెండా ఎత్తిన వేళ ఆయన తీసిన చిత్రం ఎమిరేట్స్ జాతీయ జ్ఞాపకంలో భాగమైంది. రాజకీయ ఘట్టాలతో పాటు బజార్లను, పడవలను, మామూలు మనుషులను కూడా ఆయన ఎన్నో తీశారు.

శుక్లా వాడిన రోలీకార్డ్ కెమెరాను కంటికి ఆనించుకోరు. పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న గాజు తెరలోకి చూస్తారు. ఒక రీలులో పన్నెండు చతురస్రపు బొమ్మలే. ఎదుటివాడికి యంత్రం చాటున దాగిన ముఖం కాక, తల వంచుకున్న మనిషి కనిపిస్తాడు. పడవలో కూర్చుని ఈ కెమెరాతో చూస్తే దృష్టి నీటికి దగ్గరగా, పడవవాడి నడుము ఎత్తులో ఉంటుంది. చిన్న పడవను పైనుంచి చూస్తే అది నీటి మీద ఒక మచ్చ. ఈ ఎత్తు నుంచి చూస్తే అది ఒక మనిషి పనిచేసే చోటు.

పనిముట్టుగా పడవ

పడవను చూడడంలో మరొక సంప్రదాయం మన తీరం నుంచే మొదలయింది. మద్రాసు ప్రభుత్వ మత్స్యశాఖకు డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల నిర్మాణ రీతుల మీద ఒక పెద్ద అధ్యయనం ప్రచురించాడు. 1942లో అరబ్బు పడవల వర్గీకరణ మీద రాశాడు. కోరమాండల్ తీరపు తెప్పలు, మేకులు లేకుండా కొబ్బరి తాడుతో కుట్టిన మసూలా పడవలు అతడికి అందమైన దృశ్యాలు కావు, ప్రశ్నలు. ఇక్కడ పడవను ఎందుకు కుట్టారు, మేకు ఎందుకు కొట్టలేదు? కెరటం విరిగే తీరంలో బిగుసుకున్న పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగుతుంది. గల్ఫ్ ముఖద్వారంలోని హోర్ముజ్‌లో కుట్టిన ఓడల్ని మార్కోపోలో కూడా చూశాడు. వాటి మీద అతడికి బొత్తిగా నమ్మకం కుదరలేదు.

ఎమిరేట్స్ తూర్పు తీరాన ఫుజైరా, కల్బా ప్రాంతాల జాలరులు వాడిన షాషా అనే పడవను హార్నెల్ పద్ధతిలో చూస్తే తెలుగు పాఠకుడికి వెంటనే అర్థమవుతుంది. ఖర్జూరపు మట్టల ఈనెల్ని తాళ్ళతో కట్టి, లోపల తేలిక మట్ట మొదళ్ళు కూరి దాన్ని చేస్తారు. నీరు లోపలికి వస్తుంది, పోతుంది. నీటిని బయట ఉంచడం దాని ధర్మం కాదు. తేలడమే దాని ధర్మం. మన తెప్ప సూత్రమూ అదే. పని అయ్యాక దాన్ని ఒడ్డుకు లాగి ఆరబెట్టాలి, లేకపోతే నీరు పీల్చి బరువెక్కుతుంది. కాబట్టి ఒడ్డున ఎండలో పడి ఉన్న షాషా చిత్రం చూసి వదిలేసిన పడవ అనుకోకూడదు. అది రేపటి పనికి సిద్ధమవుతోంది. సంబూక్ విషయంలో ఎండ రోగలక్షణం, షాషా విషయంలో ఎండే చికిత్స. బొమ్మలో రెండూ ఒకేలాంటి నిశ్శబ్దం.

నేటి ఖోర్

నేడు ఈ తీరపు కొయ్య పడవలు మూడు రకాలుగా బతుకుతున్నాయి. 1991లో మొదలైన అల్ గఫాల్ పందెంలో తెల్ల తెరచాపల పడవలు సర్ బూ నయీర్ దీవి నుంచి దుబాయ్ దాకా పరుగెత్తుతాయి. గఫాల్ అంటే వేట ముగిసి ఇంటికి తిరగడం. ఒకనాడు అప్పు లెక్కల భయంతో తిరిగివచ్చిన దారిలోనే ఇప్పుడు బహుమతుల కోసం వస్తారు. దేరా వైపు రేవులో సరుకుల పడవలు ఇరాన్, సోమాలియాలకు ఫ్రిజ్‌లు, టైర్లు, ఉల్లిపాయలు మోస్తాయి. వాటిలో కచ్ఛ్, సలాయా ప్రాంతాల గుజరాతీ ఖలాసీలు కనిపిస్తారు. ఇక అబ్రా ఒక్క దిర్హమ్‌కు మనిషిని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరుస్తుంది. నడిపేవారిలో బంగ్లాదేశ్, పాకిస్తాన్, భారతదేశాల నుంచి వచ్చినవారు ఎక్కువ. దానిలో కరీంనగరో, కోనసీమో వదిలి వచ్చిన కూలీ, అతడి ఎక్స్‌రే చూసే వైద్యుడు ఒకే బల్ల మీద కూర్చుని దాటవచ్చు.

తెల్లవారుజామున తీసిన చిత్రంలో ఆ అబ్రా నిశ్శబ్దంగా ఉంటుంది. నిజానికి అబ్రా నిశ్శబ్దమైన పడవ కాదు. మధ్యలో గుంటలాంటి చోట నడిపేవాడు ఉంటాడు. అతడి కాళ్ళ దగ్గరే డీజిల్ ఇంజను కొట్టుకుంటూ ఉంటుంది. ప్రయాణికులు అతడికి వీపులు తిప్పి నీటి వైపు చూస్తూ కూర్చుంటారు. వాళ్ళకు ఆ మోత కొద్ది నిమిషాలే. అతడికి షిఫ్టు మొత్తం. ఏళ్ళ తరబడి పెద్ద మోత పక్కన పనిచేసే చెవి మెల్లమెల్లగా సన్నని స్వరాలను పోగొట్టుకుంటుందన్నది వైద్యశాస్త్రానికి పాత సంగతే. నూరేళ్ళ కిందట ఈ నీటి అడుగున గైస్ చెవి చెల్లించిన మూల్యానికి ఇది దూరపు చుట్టం.

చిత్రం తీయడం తప్పు కాదు. బుర్ఖార్ట్, థెసిజర్, కొడ్రాయ్‌లు తీయకపోతే ఈ తీరం తన గతాన్ని ఇంత స్పష్టంగా చూసుకోగలిగేది కాదు. కాని వాళ్ళ చిత్రాల్లో లేక మనం ఇవాళ వెతుక్కుంటున్నవి ఏమిటో కూడా తెలుసు: అది ఏ పడవ, ఏ పని మీద ఉంది, ఏ నెల, ఏ రేవు, నడిపే మనిషి ఎక్కడివాడు, అతడికి ఇష్టమైతే అతడి పేరు. ఇవి రాయడానికి బొమ్మ కింద రెండు పంక్తులు చాలు. మరో యాభై ఏళ్ళకు ఆ బొమ్మను చూసేవారికి అద్దంలాంటి నీటి మీద అందమైన కొయ్య పడవ ఎలాగూ కనిపిస్తుంది. ఇంజను మోత, ఊరి పేరు, మనిషి పేరు వినిపించాలంటే ఆ రెండు పంక్తులే దారి.